పాత తీగల తెల్ల వైన్: తీగ వయసుకు నిజంగా అంత విలువ ఉందా?

రేణిగుంట జంక్షన్ (తిరుపతి)

మా బావ దక్షిణాఫ్రికా నుంచి సెలవుకొస్తూ ఒక తెల్ల వైన్ తెచ్చాడు. షెనిన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్ష రకంతో చేసింది. కేప్‌టౌన్‌కి ఉత్తరాన స్వార్ట్‌లాండ్ అనే ప్రాంతంలో ఒక కుటుంబం చేసే వైన్ ఇది. తోట చూసుకోవడం, రసం పులియబెట్టడం, సీసాలకు పట్టడం అంతా ఇంట్లోవాళ్ళే. కోతలప్పుడు మాత్రం కూలీలు వస్తారట. సీసా మెడ మీద చిన్న ముద్ర ఉంది. ‘సర్టిఫైడ్ హెరిటేజ్ వైన్‌యార్డ్స్’ అని, తోట నాటిన సంవత్సరం 1974 అని.

నేను ఇంతవరకు తాగింది నాసిక్ షెనిన్. మూత తీయగానే జామపండు, పైనాపిల్ వాసన వస్తుంది, కాస్త తీపి ఉంటుంది, బాగా చల్లబరిచి తాగితే హాయిగా ఉంటుంది. ఈ సీసా దారి వేరు. మొదట వాసనే లేదనిపించింది. గ్లాసులో కాసేపు ఉన్నాక నిమ్మతొక్క, ఎండుగడ్డి, కొంచెం తేనె వాసన మెల్లగా వచ్చాయి. తీపి అస్సలు లేదు. నోట్లో మాత్రం చిక్కగా ఉంది, మింగిన తర్వాత కూడా రుచి చాలాసేపు నిలిచింది, చివర్లో ఉప్పదనం తగిలింది.

ఈ తేడా తీగ వయసు వల్ల వచ్చిందా, చేసే పద్ధతి వల్ల వచ్చిందా? ముసలి తీగకు కాపు తగ్గుతుంది కదా, మరి దాన్ని ఎవరైనా ఎందుకు ఉంచుకుంటారు? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి.

నిర్వాహకులు

చర్చ కొనసాగించండి. రెండు మాటలు గుర్తుంచుకోండి. మన రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండనివారికి మద్యం అమ్మడం నేరం. తిరుమల కొండ మీద మద్యం పూర్తిగా నిషేధం. బయటినుంచి వచ్చే బంధువులకు ఈ రెండో సంగతి ముందే చెప్పండి, సామానులో సీసా పెట్టుకుని అలిపిరి తనిఖీ దాకా వెళ్ళొద్దు.

కేప్‌టౌన్ చిత్తూరోడు (సొంతూరు చిత్తూరు)

ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి ఆ ముద్ర సంగతి చెప్తాను. నాకు ఇష్టమైన విషయం, పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

రోసా క్రూగర్ అనే ద్రాక్ష తోటల నిపుణురాలు 2002 నుంచి ఈ దేశంలో పాత తోటలు ఎక్కడెక్కడ మిగిలాయో ఊరూరా తిరిగి రాసిపెట్టడం మొదలుపెట్టారు. ఆ పనే 2016లో ‘ఓల్డ్ వైన్ ప్రాజెక్ట్’ అనే సంస్థగా రూపం తీసుకుంది. 2018 నుంచి సీసాలకు ముద్ర వేస్తున్నారు. 35 ఏళ్ళు నిండిన తోటలకే ఆ ముద్ర ఇస్తారు, దాని మీద నాటిన సంవత్సరం తప్పకుండా ఉంటుంది. ఇది సాధ్యమవడానికి కారణం, ఏ తోట ఎప్పుడు నాటారో దక్షిణాఫ్రికాలో 1900 నుంచి లెక్కలు ఉండడం. ఫ్రాన్స్ సీసాల మీద ‘వియ్యెయ్ వీన్య్’ అని చూస్తుంటాం, అంటే పాత తీగలని. దానికి చట్టంలో ఇన్నేళ్ళని నిర్వచనం లేదు. 25 ఏళ్ళ తోటకూ రాసుకోవచ్చు, 80 ఏళ్ళ తోటకూ రాసుకోవచ్చు. అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ ఓఐవీ 2024లో గానీ ఒక నిర్వచనం ఒప్పుకోలేదు: తీగకు 35 ఏళ్ళు నిండాలి, తోట మడిలో కనీసం 85 శాతం తీగలు అలాంటివై ఉండాలి.

ఇక 1974 ఎందుకు? అప్పట్లో ఈ దేశంలో షెనిన్ విపరీతంగా నాటారు. 1959లో లీబర్‌స్టైన్ అని ఒక తీపి తెల్ల వైన్ వచ్చింది. చల్లటి ట్యాంకుల్లో పులియబెట్టే పద్ధతి అప్పుడే అందుబాటులోకి రావడంతో ఎండ దేశంలోనూ తేలికైన తెల్ల వైన్ చేయగలిగారు. 1964 నాటికి ఏడాదికి 3 కోట్ల లీటర్లకు పైగా అమ్ముడైంది. దాంతో రైతులంతా షెనిన్ వైపు వెళ్ళారు. ఇక్కడ అప్పట్లో దాన్ని స్టీన్ అనేవాళ్ళు. ఫ్రాన్స్‌లో లువార్ లోయలో పండే షెనిన్, ఈ స్టీన్ ఒకటేనని 1963లో స్టెల్లెన్‌బాష్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ ఓర్ఫర్ ఆకులు పోల్చి తేల్చారు. ఇప్పుడు ప్రపంచంలో షెనిన్ ఎక్కువగా ఉన్నది దక్షిణాఫ్రికాలోనే, లువార్‌లో కన్నా ఎక్కువ.

మీ బావ తెచ్చిన సీసా ఆ వెల్లువలో నాటిన తోటలోనిదే అయి ఉంటుంది. నాటినప్పుడు ఆ తోట మీద ఎవరికీ పెద్ద ఆశలు లేవు. చౌక వైన్‌కీ, బ్రాందీ కాయడానికీ నాటిన తీగలవి.

ఎస్వీ అగ్రి (తిరుపతి)

వయసుతో తీగలో ఏం మారుతుందో నాకు తెలిసినంత చెప్తాను.

మొదటిది వేరు. నీళ్ళు కట్టని తోటలో తీగ ఏళ్ళ తరబడి లోపలికి వేరు దింపుకుంటుంది. స్వార్ట్‌లాండ్‌లో వానలు చలికాలంలో, అంటే మే నుంచి ఆగస్టు వరకు పడతాయి, కాయ పెరిగే వేసవంతా పొడిగా ఉంటుంది. లేత తీగ ఆ వేసవిలో ఆకు వాడ్చేస్తుంది. పాత తీగ కింద పొరల్లో తేమ పట్టుకుని నెమ్మదిగా నడుస్తుంది. అందుకే కాయ ఒకేసారి ఎండిపోకుండా, పులుపు పోగొట్టుకోకుండా పండుతుంది.

రెండోది కాండం. లావైన పాత కాండంలో, వేర్లలో పిండిపదార్థం నిలవ ఎక్కువ. ఒక ఏడాది వాన తప్పినా మరుసటి చిగురుకు దాని బలం సరిపోతుంది.

మూడోది కాపు తగ్గడం. ఇందులో కొంత వయసు, కొంత జబ్బు. కాండం లోపల ఎండుతెగుళ్ళు చేరతాయి, కొన్ని కొమ్మలు చచ్చిపోతాయి. పిండినల్లి మోసుకొచ్చే ఆకుముడత వైరస్ దక్షిణాఫ్రికాలో పెద్ద సమస్య, అది తగిలితే పండడం ఆలస్యమవుతుంది. ఇవన్నీ తట్టుకుని మిగిలిన తీగకు గుత్తులు తక్కువ, పండ్లు చిన్నవి. చిన్న పండుకు రసం తక్కువ, తొక్క ఎక్కువ. రేణిగుంట అన్న చెప్పిన చిక్కదనంలో దీనికి భాగం ఉంది.

అయితే ఒకటి గట్టిగా చెప్పాలి. మంచి నేలలో, సరైన తీరులో నాటిన తోటలే 50 ఏళ్ళు బతుకుతాయి. పనికిరాని నేలలో నాటినవి ఎప్పుడో పీకేసి ఉంటారు. కాబట్టి పాత తోట వైన్ బాగుందంటే అందులో వయసు వాటా ఎంత, నేల వాటా ఎంత అని విడదీయడం చాలా కష్టం. వయసే అంతా చేస్తుందని నేను అనను.

రేణిగుంట జంక్షన్

థాంక్స్ అన్నా, ఇద్దరికీ. లేబుల్ మీద ‘బుష్ వైన్’ అని కూడా ఉంది. అదేంటి?

ఎస్వీ అగ్రి

పందిరి, తీగ లాగే కంబాలు, వైర్లు ఏమీ లేకుండా పొదలాగా పెంచడం. పొట్టి కాండం, దాని తల మీద నాలుగైదు చేతులు, ఆ చేతుల మీద ఏటా కత్తిరింపు. ఆకులే గుత్తులకు గొడుగు పడతాయి, ఎండ నేరుగా తగలదు. యంత్రంతో కోయడం కుదరదు, వంగి చేత్తోనే కోయాలి. అందుకే కూలి ఖర్చు ఎక్కువ.

తోతాపురి రైతు (బంగారుపాళ్యం)

నాకు వైన్ సంగతి తెలీదు, తాగను. మా పెద్దబ్బాయి ఈ చర్చ చూపించి, నాయనా నువ్వు కూడా రాయి అన్నాడు. చెట్టు సంగతి కాబట్టి రాస్తా ఉండా.

మాకు మా అబ్బ పెట్టిన తోతాపురి మామిడి తోట ఉండాది. చెట్లు మాను కట్టి ఇద్దరు చేతులు చాపినా అందవు. కాయ బాగుంటాది, రసం చిక్కన, పీచు తక్కువ. కాయ కొనే ర్యాంపు కాడికి తోలితే మాత్రం ముసలి చెట్టు కాయకూ, పదేండ్ల చెట్టు కాయకూ ఒకటే రేటు. 2025లో ఏమైందో జిల్లాలో అందరికీ తెలుసు. ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అన్నారు. ట్రాక్టర్లు వరుసలో పెట్టుకుని రోజులు కాచుకున్నాం, కాయ బండిలోనే మెత్తబడింది. మేము తోలిన చోట ఆ 8 కూడా సక్రమంగా రాలేదు. ఆ ఏడు మా పక్క చేనాయన పాత తోట కొట్టించి కలప మిల్లుకు అమ్మేసినాడు.

కాబట్టి నేను అడిగేది ఒకటే. ఆ దేశంలో ముసలి తీగకు కాపు తగ్గిందన్నారు. రేటు పెరగకపోతే ఆ రైతు దాన్ని ఎట్ల ఉంచుకున్నాడు? ఎవరు డబ్బు పెట్టినారు? అది చెప్పకుండా రుచి గురించి ఎంత చెప్పుకున్నా నాకు కడుపు నిండదు.

కేప్‌టౌన్ చిత్తూరోడు

అన్నా, ఈ చర్చలో అసలు ప్రశ్న మీరే అడిగారు.

చాలామంది ఉంచుకోలేదు. పీకేశారు. ఇక్కడ 1918లో కేడబ్ల్యూవీ అనే రైతుల సహకార సంఘం పుట్టింది. ధర అదే నిర్ణయించేది, ఎవరు ఎంత పండించాలో కోటా అదే ఇచ్చేది. కోటా పద్ధతి 1992లో పోయింది. ఆ కాలమంతా రైతుకు టన్నుకింత అని డబ్బు వచ్చేది. కాయ నాణ్యతతో పెద్ద పని లేదు. టన్నుల మీద బతికేవాడికి ముసలి తీగ నష్టమే కదా. 1994 తర్వాత విదేశీ మార్కెట్లు తెరుచుకున్నాయి, వాళ్ళు ఎర్ర వైన్ అడిగారు. అప్పుడు షెనిన్ పీకి కాబెర్నే, షిరాజ్ నాటినవాళ్ళు ఎందరో. మీ పక్క చేనాయన చేసిందే ఇక్కడ వేల హెక్టార్లలో జరిగింది. ఇప్పుడు దేశం మొత్తం మీద 35 ఏళ్ళు దాటిన తోటలు దాదాపు 4 వేల హెక్టార్లే మిగిలాయి. వాటిలో షెనిన్‌దే పెద్ద వాటా.

మిగిలినవి రెండు కారణాలతో మిగిలాయి. కొన్ని చోట్ల పీకి కొత్తది నాటే స్తోమత లేక అట్లాగే వదిలేశారు. గోధుమ, గొర్రెల మీద ఇల్లు గడిచేది, తోట ఓ మూలన ఉండేది. రెండోది, 2000 ప్రాంతం నుంచి కొందరు చిన్న వైన్ తయారీదార్లు ఆ రైతుల ఇళ్ళకు వెళ్ళి, నీ కాయ సంఘానికి తోలొద్దు, నాకివ్వు, ఎక్కువ ఇస్తానన్నారు. ఎబెన్ సేడీ అనే ఆయన వాళ్ళలో ముఖ్యుడు. స్వార్ట్‌లాండ్‌లో సేడీ ఫ్యామిలీ వైన్స్ అని కుటుంబం పేరుతోనే నడుపుతున్నారు. వాళ్ళ పాత తీగల వరుసలో ‘మెఫ్రౌ కిర్‌స్టెన్’ అని ఒక వైన్ ఉంది, ఆ షెనిన్ తోట స్టెల్లెన్‌బాష్‌లో 1905లో నాటింది. ఇంకోటి ‘స్కర్ఫ్‌బర్గ్’, సిట్రస్‌డాల్ కొండల్లోని పాత షెనిన్. ఈ తోటల పేర్లు సీసా మీదికి వచ్చాక కొనేవాళ్ళు ఆ తోట కోసమే అడగడం మొదలుపెట్టారు.

డబ్బు లెక్క కూడా మారింది. కొందరు టన్ను లెక్క మానేసి హెక్టారుకింత అని ఇస్తున్నారు. అప్పుడు కాపు 2 టన్నులొచ్చినా 5 టన్నులొచ్చినా రైతు ఆదాయం నిలబడుతుంది, ఎక్కువ కాయించాలనే ఆత్రం ఉండదు. అందరూ ఇస్తున్నారని చెప్పను. ఇప్పటికీ తక్కువ రేటు వల్ల ఏటా కొన్ని తోటలు పోతున్నాయి. అయినా ఆ ముద్ర ఉన్న సీసాకు నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టడం సబబే అని నేను నమ్ముతాను, ఆ డబ్బులో కొంతైనా తోట నిలవడానికి పోతుంది కాబట్టి.

తోతాపురి రైతు

ఎకరా లెక్కన ఇచ్చేది. అది బాగుండాది. మా కాడ ఎవురూ అట్ల అడగలా.

పలమనేరు పిల్లోడు (బెంగళూరు)

నేను కొంచెం ఎదురు చెప్తాను, ఏమీ అనుకోవద్దు. పాత తీగ అనే మాటకు సగం ధర, కుటుంబ వైనరీ అనే మాటకు ఇంకో సగం ధర వేసి అమ్ముతున్నారని నా అభిప్రాయం. నంది కొండల దగ్గర వైనరీలకు చాలాసార్లు వెళ్ళాను. మంచి తెల్ల వైన్ పదేళ్ళ తోటల నుంచి కూడా వస్తుంది. పెద్ద కంపెనీ అయినా శ్రద్ధగా చేస్తే బాగుంటుంది. రేణిగుంట అన్న చెప్పిన చిక్కదనం పీపాలో నిలవ ఉంచడం వల్ల కూడా రావచ్చు కదా?

ఇంకో ప్రశ్న. నంది కొండలు మన పలమనేరుకు ఎంతో దూరం లేవు, మాదీ అదే ఎర్ర నేల, అదే నల్లరాతి గుట్టలు. మరి మన వైపు పాత తీగలు ఎందుకు లేవు?

రేణిగుంట జంక్షన్

పీపా సంగతి బావను అడిగాను. పాత పీపాల్లోనే పులియబెట్టి, అడుగున దిగిన ఈస్టు మడ్డితో పాటే దాదాపు ఏడాది ఉంచారట. కొత్త పీపా అసలు వాడలేదట.

ఎస్వీ అగ్రి

పలమనేరు తమ్ముడి మాటలో న్యాయం ఉంది. మడ్డి మీద ఉంచితే వైన్‌కు వెన్నలాంటి నునుపు, చిక్కదనం వస్తాయి. నాసిక్ షెనిన్ ఎక్కువగా స్టీలు ట్యాంకులో చల్లగా పులియబెట్టి, కొన్ని నెలల్లోనే సీసాకు పడతారు. ఆ పండ్ల వాసన నిలవాలంటే అదే మార్గం. కాబట్టి ఈ రెండు సీసాల మధ్య తేడాలో పద్ధతికి పెద్ద పాత్రే ఉంది. కానీ పలచటి రసాన్ని ఏడాది మడ్డి మీద ఉంచినా చివరి ఆ ఉప్పదనం, ఆ నిడివి రావు. రసంలో సరుకుంటేనే అంతకాలం ఉంచడానికి ధైర్యం చేస్తారు.

మన వైపు పాత తీగలు ఎందుకు లేవన్నది ఇంకా మంచి ప్రశ్న. ద్రాక్ష తీగకు చలికాలం నిద్ర కావాలి. ఫ్రాన్స్‌లో, కేప్‌టౌన్ వైపు చలికి ఆకు రాల్చి నెలల తరబడి నిద్రపోతుంది. మనకు ఆ చలి లేదు, తీగ ఏడాదంతా చిగురిస్తూనే ఉంటుంది. అందుకని దక్కను అంతటా ఏటా రెండు కత్తిరింపులు వేస్తారు. ఏప్రిల్ ప్రాంతంలో ఒకటి, కొమ్మ కోసం. సెప్టెంబరు, అక్టోబరులో రెండోది, కాయ కోసం. కోత ఫిబ్రవరి, మార్చిలో. విశ్రాంతి లేని తీగ త్వరగా అలిసిపోతుంది. పైగా మార్కెట్ మారితే రకం మార్చేస్తారు. హైదరాబాద్ చుట్టూ పందిళ్ళ మీద అనాబ్-ఎ-షాహి ఎంత పండేదో పెద్దవాళ్ళకు గుర్తుంటుంది. గింజలేని థాంప్సన్ వచ్చాక ఆ పందిళ్ళు చాలావరకు పోయాయి. ఇక వైన్ రకాలు మన దేశంలో పెద్ద ఎత్తున నాటడం మొదలైందే 1980లలో, నంది కొండల దగ్గర గ్రోవర్ కుటుంబం లాంటివాళ్ళతో. నాసిక్‌లో సూలా మొదటి వైన్లు 2000లో వచ్చాయి. 35 ఏళ్ళ గీత దాటే అవకాశమే చాలా తక్కువ తోటలకు ఉంది.

చంద్రగిరి మాస్టారు (రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్)

నేను మద్యం ముట్టను. మా ఇంట్లో శనివారం నియమం, పెరటాసి నెలంతా ఉల్లిపాయ కూడా ఉండదు. అయినా ఈ చర్చ పద్ధతిగా సాగుతోంది కాబట్టి ఒక విషయం చేరుస్తాను.

ద్రాక్షలో ముఖ్యమైన పులుపు రెండు రకాలు, టార్టారిక్, మాలిక్. కాయ పండేటప్పుడు వేడికి, ముఖ్యంగా రాత్రి వేడికి, తీగ మాలిక్ ఆమ్లాన్ని ఖర్చు చేసేస్తుంది. టార్టారిక్ అంత సులువుగా పోదు. అందుకే ఉష్ణ ప్రాంతంలో కూడా షెనిన్ లాంటి సహజంగా పులుపెక్కువ రకం నిలబడగలుగుతోంది. ఈ టార్టారిక్ ఆమ్లం మనకు రోజూ అలవాటైనదే. చింతపండు పులుపు ప్రధానంగా అదే. చాలా పండ్లలో సిట్రిక్, మాలిక్ ఎక్కువ. టార్టారిక్ ఇంత దండిగా ఉండే పండ్లు తక్కువ, వాటిలో ద్రాక్ష, చింత రెండూ ఉన్నాయి.

వైన్ సీసా అడుగున గాజు ముక్కల్లాంటి తెల్లటి పలుకులు కనిపిస్తే భయపడవద్దని చెప్పండి. అవి ఆ ఆమ్లపు పొటాషియం లవణం స్ఫటికాలు, చల్లబడితే కిందికి దిగుతాయి. హాని లేదు.

నాటుకోడి అక్క (చిత్తూరు)

మాస్టారు గారూ, ఈ చింతపండు మాట నాకు భలే ఉపయోగపడింది. మా వారు హోటల్ వ్యాపారంలో ఉన్నారు, బెంగళూరు నుంచి వచ్చే అతిథులు వైన్ తెచ్చుకుని, దీనికి మన వంటల్లో ఏది బాగుంటుందని అడుగుతుంటారు. నేను వండి, చిన్న గుక్కతో సరిచూసి తెలుసుకున్నవి రాస్తున్నా.

పుల్లటి కూరతో పులుపు తక్కువున్న వైన్ తాగితే ఆ వైన్ చప్పగా, నీళ్ళగా అయిపోతుంది. షెనిన్‌కు ఆ ఇబ్బంది లేదు. పులుసు పక్కన కూడా నిలబడుతుంది. కారమే అసలు సమస్య. ఆల్కహాల్ మిరపకాయ మంటను పెంచుతుంది. మన నాటుకోడి పులుసు మామూలు కారంతో వండి, 13 శాతం ఆల్కహాల్ ఉన్న తీపి లేని వైన్ పక్కన పెడితే నోరు మండిపోతుంది, వైన్ రుచి ఏమీ తెలియదు. అలాంటి కారానికి ఆ తీపి నాసిక్ షెనినే నయం.

ఈ పాత తీగల సీసాకు నేనైతే ఇవి పెడతాను. మిరియాలు, పసుపు, కొంచెం కొబ్బరి వేసి, ఎండుమిరప బాగా తగ్గించిన చేపల కూర. వేయించిన చేప ముక్కల మీద నిమ్మరసం. వేరుశనగ ఊరుబిండి కూడా, కారం తగ్గించి. ఆ మడ్డి మీద ఉంచిన వైన్‌లో గింజల రుచి ఉంటుంది, వేయించిన శనక్కాయకు అది చక్కగా కలుస్తుంది. రాగి సంగటితో కూడా కుదిరింది, సంగటికి తనదైన కారం లేదు కాబట్టి. బెల్లం పాకం పట్టినవి మాత్రం వద్దు, తీపి పక్కన ఈ వైన్ పుల్ల నీళ్ళలా మారిపోతుంది.

హోటల్ కౌంటర్ (తిరుపతి)

అక్క చెప్పినదానికి తోడు, మన ఎండల గురించి. తిరుపతిలో మే నెలలో ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. బీరువాలో పెట్టిన వైన్ ఒక్క వేసవిలోనే పాడవుతుంది. బిరడా ఉబ్బి పైకొస్తుంది, రంగు ముదురుతుంది, మగ్గిన ఆపిల్ వాసన వస్తుంది. వైన్ ఫ్రిజ్ లేనివాళ్ళు మామూలు ఫ్రిజ్‌లో కింది అరలో, బిరడా సీసా అయితే పడుకోబెట్టి ఉంచండి. తలుపు అరలో వద్దు, తెరిచినప్పుడల్లా కదులుతుంది, వేడెక్కుతుంది.

తాగే ముందు ఒక అరగంట బయట పెట్టండి. ఫ్రిజ్ చలి 4, 5 డిగ్రీలు ఉంటుంది, అంత చలిలో ఇలాంటి వైన్‌కు వాసన రాదు. 10 నుంచి 12 డిగ్రీలు సరైనది. రేణిగుంట అన్నకు మొదట వాసన లేదనిపించడానికి ఇది కూడా కారణం కావచ్చు.

పలమనేరు పిల్లోడు

అక్క చెప్పిన చేపల కూర వండుకుని తింటాను, అది ఖాయం. ధర విషయంలో మాత్రం నా మాట అదే. కేప్‌టౌన్ అన్నా, రైతుకు ఎక్కువ పోతోందని ఆ ముద్ర హామీ ఇస్తుందా?

కేప్‌టౌన్ చిత్తూరోడు

ఇవ్వదు తమ్ముడూ. తోట వయసుకు మాత్రమే హామీ. అందుకే నేను చూసేది ఇంకోటి, ఆ వైన్ చేసేవాళ్ళు తోట ఎవరిదో, ఎక్కడిదో సీసా మీద చెప్తున్నారా అని. తోట పేరు బయటపెట్టినవాడు మరుసటి ఏడు ఆ కాయ వదులుకోలేడు. కొనేవాళ్ళు ఆ తోట పేరే అడుగుతారు. అప్పుడు బేరంలో రైతుకు కొంత బలం వస్తుంది. చిన్న కుటుంబ వైనరీల మీద నాకు గౌరవం ఇందుకే. పెద్ద కంపెనీ వంద తోటల కాయ కలిపేస్తే ఏ ఒక్క తోట పోయినా దానికి తేడా తెలియదు. వీళ్ళకు ఒక తోట పోతే ఒక వైన్ పోతుంది.

తోతాపురి రైతు

ఈ మాట నాకు అర్థమైంది. మా కాయ పల్పులో కలిసిపోతాది. ఎవరి తోటదో డబ్బా మీద ఉండదు. ఎస్వీ అగ్రి నాయనా, మా చెట్లు ఏ ఏడు పెట్టిందీ మా నాయన నోటి మాట తప్ప కాగితం లేదు. ఆ దేశంలో మాదిరి రాసిపెట్టాలంటే ఎట్ల?

ఎస్వీ అగ్రి

రాసిపెట్టొచ్చు అన్నా. మీ తోట సర్వే నంబరు, చెట్లు ఎన్ని, వరుసల మధ్య దూరం, ఒక్కో చెట్టు మాను చుట్టుకొలత నేల నుంచి ఒకే ఎత్తులో టేపు పెట్టి తీయండి. ఏటా కాపు ఎంతొచ్చిందో, ఏ చెట్టు ఏడాది విడిచి ఏడాది కాస్తుందో పక్కన రాయండి. మీ నాయన చెప్పిన సంవత్సరం, మీ అబ్బ ఎవరి దగ్గర అంట్లు తెచ్చిందీ ఇప్పుడే రాయించుకోండి. పాత పన్ను రసీదులు, బోరు వేయించిన కాగితం, బ్యాంకు తాకట్టు పత్రం, వీటిలో తోట ప్రస్తావన ఉంటే అదీ ఆధారమే. పల్పు ఫ్యాక్టరీకి ఇవన్నీ అక్కర్లేదు. పండు నేరుగా కొనేవాళ్ళకు, తాండ్ర చేసేవాళ్ళకు ఇవి చూపించి అడగొచ్చు. రేటు వస్తుందని మాట ఇవ్వలేను. కాగితం లేకుండా మాత్రం అడగడానికే లేదు. కావాలంటే పట్టిక నమూనా నేను పంపిస్తాను.

తోతాపురి రైతు

పంపించు నాయనా. మా పెద్దోడు ఫోన్‌లో పెడతాడు.

రేణిగుంట జంక్షన్

అందరికీ ధన్యవాదాలు. చివరిగా ఒకటి, సీసాలో సగం మిగిలింది. రేపటిదాకా ఉంటుందా?

హోటల్ కౌంటర్

ఉంటుంది. మూత బిగించి ఫ్రిజ్‌లో నిలువుగా పెట్టండి, పడుకోబెడితే గాలి తగిలే మేర పెరుగుతుంది. ఇలాంటి వైన్ మరుసటి రోజు ఇంకా విచ్చుకుంటుంది, మూడో రోజు వరకు ఇబ్బంది లేదు.